భార్య ఫోన్ దొంగతనంగా చూశాను... ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. పెళ్లయి ఎనిమిదేళ్లు, ఒక పాప. నా భార్యకు ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకతను ఉన్నాడు. మా పెళ్లికీ వచ్చాడు. పాప అతన్ని మామయ్య అంటుంది. వారానికి రెండు మూడుసార్లు ఫోన్లో మాట్లాడుకుంటారు, ఎక్కువగా తను వంట చేస్తూ స్పీకర్ పెట్టి. నేనెప్పుడూ ఏమీ అనుకోలేదు. నెల క్రితం తను నిద్రలో ఉండగా వేలు పెట్టి ఫోన్ తెరిచి చాటింగంతా చదివాను. తప్పుడు మాట ఒక్కటీ లేదు. కానీ ఉద్యోగం మానేద్దామనుకుంటున్న సంగతి అతనికి చెప్పింది, నాకు చెప్పలేదు. ఈమధ్య ఒకట్రెండుసార్లు ఆఫీసంటే విసుగొస్తోందంటే, ఫ్లాట్ లోను ఉంది కదా, ఓపిక పట్టమన్నాను, అంతే. అక్కకి చెబితే మొదట్లోనే తుంచెయ్యమంది. బావగారేమో తన ఫోన్లో రికార్డింగ్ యాప్ వెయ్యమంటున్నారు. ఆ స్నేహం మానెయ్యమని అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు. బహుశా మానేస్తుంది కూడా. ఆ తర్వాత మనసులో మాట అతనికీ చెప్పదు, మీకూ చెప్పదు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఆ ‘అంతే’ దగ్గర. విసుగొస్తోందని ఆమె నోరు తెరిస్తే మీ దగ్గర్నుంచి వచ్చింది లోను లెక్క. అతనికి ఆ ఈఎంఐ కట్టే పని లేదు కాబట్టి, ఏమైందని అడిగుంటాడు. స్నేహితుడికి ఆ వెసులుబాటు ఎప్పుడూ ఉంటుంది. మీ భయం అబద్ధమని కాదు, ఒక జీతం ఆగితే ఇల్లు ఎలా నడుస్తుందన్న బెంగ నాకూ తెలుసు. కాకపోతే ఆమె ఆ రోజు వినాలనుకున్న మాట అది కాదు.

షర్లీ గ్లాస్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఇలాంటివాటికి కిటికీలు, గోడల పోలిక చెప్పేవారు. దంపతుల మధ్య కిటికీ తెరిచి ఉండాలి, బయటివాళ్లకీ వాళ్లకీ మధ్య గోడ ఉండాలి. అవి తారుమారైతేనే కంగారు పడాలి. మీరు గదిలోకి రాగానే ఫోన్ పెట్టెయ్యడం, మెసేజ్‌లు చెరిపెయ్యడం, మీ మీద ఫిర్యాదులన్నీ అక్కడ చెప్పుకోవడం అలాంటి గుర్తులు. స్పీకర్లో మాట్లాడే మనిషి మీకు అడ్డంగా గోడేమీ కట్టలేదు. మీ ఇద్దరి మధ్య కిటికీ మాత్రం కాస్త మూసుకుంది. (ఒక్క మాట. ఆఫీసులో మీతో టీకి వచ్చేవాళ్లలో ఆడవాళ్లు లేరా? వాళ్లను ‘కొలీగ్స్’ అనేస్తాం. భార్యకుంటే ‘ఒకతను’ అవుతాడు.)

బావగారి సలహా మర్చిపోండి. భార్యాభర్తలు రహస్యంగా రికార్డు చేసిన మాటల్ని విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఈ ఆలోచన చాలామందికి వస్తోంది. అది కోర్టుకెక్కినవాళ్ల గొడవ. చెప్పకుండా మరొకరి ఫోన్లో యాప్ ఎక్కిస్తే ఐటీ చట్టం కింద మీ మీదే కేసు కావచ్చు.

ముందు మీరు చెయ్యాల్సింది, ఫోన్ చూశానని ఒప్పుకోవడం. రాత్రి పడుకునే ముందు వద్దు. ఆదివారం మధ్యాహ్నం పాప నిద్రపోయాక, టీ పెట్టి ఇచ్చి కూర్చోండి. ‘నీ ఫోన్ చూశాను, తప్పే. ఉద్యోగం సంగతి చదివాను. నాకెందుకు చెప్పలేకపోయావో తెలుసుకోవాలనుంది’ అనండి. కోప్పడుతుంది, ఏడవొచ్చు, ఫోన్ లాక్ మార్చొచ్చు. మార్చనివ్వండి. అతని పేరు ఆ రోజు ఎత్తకండి. లోను కాగితాలు కూడా బయటికి తియ్యొద్దు, వాటికి ఇంకో ఆదివారం ఉంది.

తర్వాతెప్పుడైనా మీ హద్దులు మీరు చెప్పుకోవచ్చు. ఇంట్లో డబ్బు విషయాలు, మన పోట్లాటలు బయటికి పోకూడదని అడగడంలో తప్పులేదు. కానీ ఆ హద్దు మీకూ వర్తిస్తుంది. ఆమె తన బాధ ముందు స్నేహితుడికి చెప్పింది, మీరు మీ బాధ ముందు అక్కగారికి చెప్పారు. ఇప్పుడు ఆవిడ పండక్కి మీ ఇంటికొస్తే మీ ఆవిణ్ని ఏ కళ్లతో చూస్తారో ఆలోచించండి. అక్కగారికి ఫోన్ చేసి, నేను తొందరపడ్డాను, అందులో ఏమీ లేదని చెప్పండి. అది ఆదివారం కంటే ముందే చెయ్యండి.