రెండు చివర్ల డెరివేటివ్‌లకి సగటు తీస్తే ఎందుకు తప్పుతుంది?

మీరు అడిగింది ఇది: ఎక్స్ స్క్వేర్‌కి 1 నుంచి 3 వరకు సగటు మార్పు రేటు (ఎక్స్ ఒకటి పెరిగితే విలువ సగటున ఎంత మారుతుందో) కోసం రెండు చివర్లా డెరివేటివ్ (ఆ ఒక్క బిందువు దగ్గర మార్పు రేటు) కట్టి, వాటి సగటు తీశారు. 4 వచ్చింది, జవాబు సరిపోయింది. ఎక్స్ క్యూబ్‌కి అలాగే చేస్తే 15 వచ్చింది, పుస్తకంలో 13 అని ఉంది.

పుస్తకంలో ఉన్నదే సరైనది. ఎక్స్ క్యూబ్ విలువ 3 దగ్గర 27, 1 దగ్గర 1. తేడా 26. ఎక్స్ మారింది 2. 26ని 2తో భాగిస్తే 13. డెరివేటివ్ అవసరమే లేదు.

ఇంటర్‌లో నేనూ ఇదే పొరపాటు చేసి మార్కులు పోగొట్టుకున్నాను. సంగతి అర్థమైంది మాత్రం అరకు వెళ్లే కిరండూల్ రైల్లో. విశాఖపట్నం స్టేషన్ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అరకుకి ముందు వచ్చే శిమిలిగూడ స్టేషన్ ఎత్తు సుమారు 996 మీటర్లు. ఆ రోజు అక్కడికి చేరడానికి మాకు దాదాపు 4 గంటలు పట్టింది. "గంటకి ఎంత ఎక్కినట్టు?" అని నాన్న అడిగారు. 990ని 4తో భాగించి, సుమారు 250 మీటర్లు అన్నాను. "మరి కొత్తవలస దగ్గర కూడా అంతే ఎక్కామా?" అన్నారు. లేదు కదా! శృంగవరపుకోట దాకా దాదాపు చదునే, బొడ్డవర దాటాకే అసలైన ఘాట్, సొరంగాలు.

ఇప్పుడు మీ పద్ధతి ఈ రైలుకి పెట్టి చూడండి. విశాఖలో రైలు ఆగి ఉంది, ఎక్కే రేటు 0. శిమిలిగూడలోనూ ఆగి ఉంది, అక్కడా 0. సగటు 0. కానీ మనం దాదాపు కిలోమీటరు ఎత్తు ఎక్కాం! చివర్లలో ఆ క్షణాన ఏం జరుగుతోందో చూస్తే మధ్యలో జరిగింది తెలియదు. మొదటి ఎత్తు, చివరి ఎత్తు, పట్టిన సమయం, ఈ మూడే కావాలి.

మరి ఎక్స్ స్క్వేర్‌కి ఎలా కుదిరింది? దాని డెరివేటివ్ 2 ఎక్స్, అంటే సరళరేఖ. సరళరేఖ మీద రెండు చివర్ల సగటే మొత్తం సగటు. ఎక్స్ క్యూబ్ డెరివేటివ్ 3 ఎక్స్ స్క్వేర్, పైకి వంగే గీత. చివర్లని కలిపే గీత కంటే మధ్యలో అది కిందే ఉంటుంది. అందుకే మీకు 13కి బదులు ఎక్కువగా 15 వచ్చింది.

గ్రాఫ్‌లో అయితే సగటు మార్పు రేటు అంటే రెండు చివరి బిందువులనీ కలిపే ఛేదన రేఖ వాలు. ఒక్క బిందువు దగ్గర గీతని తాకే స్పర్శరేఖల జోలికి వెళ్లకండి, వాటి వాలు డెరివేటివ్. జవాబు మైనస్ వచ్చినా కంగారుపడకండి. శిమిలిగూడ నుంచి అరకుకి రైలు కిందికే దిగుతుంది, అక్కడ ఎత్తు మార్పు రేటు మైనస్‌లోనే రావాలి. భాగించేటప్పుడు పైన (లవంలో) చివరి విలువలోంచి మొదటిది తీసేస్తే, కింద (హారంలో) ఎక్స్‌లకి కూడా అదే వరసలో తీసేయండి. మా ట్యూషన్ పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే.