ఆ ‘అంతా’ అనే మాట దగ్గర ఆగు

అమ్మలూ,

ఉద్యోగం మానేసి సొంతంగా ప్రాజెక్టులు పట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం ఎంతో, గుబులూ అంతే. కోడ్ రాయడంలో నీకు నేను చెప్పేదేం లేదు. కాగితం చదవకుండా సంతకం పెట్టే అలవాటుందే, నా భయమంతా దానితోనే.

ఉద్యోగంలో రాసింది కంపెనీది. ఫ్రీలాన్సర్‌కి లెక్క తిరగబడుతుంది: కాగితం మీద బదిలీ చేసేదాకా రాసినవాళ్లదే హక్కు. డబ్బిచ్చాను కాబట్టి కోడ్ నాదేనని క్లయింటు అనుకుంటాడు, తగువు అక్కడే మొదలు. ఒప్పందంలో ‘వర్క్ మేడ్ ఫర్ హైర్’ (పని చేయించుకున్నవాళ్లదే హక్కు) అన్న ముక్క ఉంటే చాలనుకుంటారు కొందరు. అమెరికా చట్టంలో బయటివాళ్ల పనికి ఆ మాట తొమ్మిది రకాల రచనలకే చెల్లుతుంది, ఆ జాబితాలో సాఫ్ట్‌వేర్ పేరు లేదు. అందుకే బదిలీ వాక్యం విడిగా అడుగుతారు. భారత కాపీరైట్ చట్టం (1957) 19వ సెక్షన్ ప్రకారం బదిలీలో కాలం రాయకపోతే ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే దేశం వరకే. క్లయింటు ఇవి రాయమంటే అనుమానపడకు.

ఇక అసలు సంగతి. ఒప్పందంలో ఇలాంటి వాక్యం ఒకటి కనిపిస్తుంది: “ఈ ప్రాజెక్టులో వాడిన కోడ్ అంతా క్లయింటుకే చెందుతుంది.” ఆ ‘అంతా’ చూశావా? లాగిన్‌కీ, ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌కీ, ఎర్రర్ లాగ్‌కీ నువ్వు తీరిక వేళల్లో చెక్కుకున్న ఫైళ్లుంటాయి. గడువు తరుముతుంటే వాటిని తెచ్చి క్లయింటు ప్రాజెక్టు యుటిల్స్ (చిల్లర పనిముట్ల) ఫోల్డర్‌లో పడేస్తావు. సంతకంతో అవీ పోతాయి. తర్వాత రెండో క్లయింటుకీ అవే ఫైళ్లిచ్చి, ‘ఇందులో ఇంకెవరికీ హక్కు లేదు’ అని అక్కడా సంతకం పెడతావు. ఒకే ఆవును ఇద్దరికి అమ్మినట్టు! తెలియక చేశానంటే వినేవాళ్లెవరు?

కాబట్టి ఇంకా ఏ క్లయింటూ లేని ఈ రోజుల్లోనే వాటిని వేరే రిపోలో (కోడ్‌నీ దాని మార్పుల చరిత్రనీ దాచే చోట) పెట్టు. కమిట్ తేదీలు (మార్పులు నమోదైన తేదీలు) ఒప్పందం కంటే ముందువై ఉంటే అదే నీ సాక్ష్యం. పాత కంపెనీలో రాసినవి మాత్రం అందులోకి తేకు, అవి నీవి కావు. ప్రాజెక్టులోకి ఫైళ్లు కాపీ కొట్టకుండా వెర్షన్ నంబరున్న ప్యాకేజీగా తెచ్చుకో. ఆ పేరూ వెర్షనూ ఒప్పందం చివర అనుబంధంలో రాయి. వాటి మీద క్లయింటుకి నాన్-ఎక్స్‌క్లూజివ్ (వాళ్లొక్కరికే పరిమితం కాని), శాశ్వత లైసెన్సు ఇవ్వు: మార్చుకోవచ్చు, వ్యాపారం అమ్మితే కొన్నవాళ్లకి బదలాయించవచ్చు. ఈ చివరి ముక్క లేకపోతే వాళ్ల లాయరు ఒప్పుకోడు, అదీ సబబే. పని మధ్యలో ఆ ప్యాకేజీకి చేసే మెరుగులు ఎవరివో కూడా రాసుకో. వాళ్ల కోసం కొత్తగా రాసింది మాత్రం మొత్తం ఇచ్చెయ్యి, అక్కడ పీనాసితనం వద్దు.

హక్కు చేతులు మారేది ‘రాసిన క్షణమే’ అని ఉంటే కొట్టించి, ‘పూర్తి పైకం ముట్టిన రోజున’ అని రాయించు. అప్పటిదాకా పరీక్షించి చూసుకునే లైసెన్సు చాలు. పైకం ఎగ్గొడతారేమోనని యాప్‌ను ఆపేసే మీట లోపల దాచే తెలివి చూపించకు తల్లీ, అది నీ మెడకే చుట్టుకుంటుంది.

ఓపెన్ సోర్స్ (షరతుల మీద అందరూ వాడుకునేలా బయటపెట్టిన కోడ్) సంగతి నీకు తెలిసిందే. ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0 లాంటి సడలింపు లైసెన్సులయితే కాపీరైట్ నోటీసూ లైసెన్సు పాఠమూ ఉంచు. జీపీఎల్ అనే కఠినమైన లైసెన్సున్న లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) కలిస్తే, క్లయింటు యాప్‌ను బయటివాళ్లకి ఇచ్చిన రోజున మొత్తం సోర్సూ ఇవ్వాల్సి రావచ్చు. దాని తోబుట్టువు ఏజీపీఎల్ అయితే, మార్చిన ప్రోగ్రామును సర్వర్ మీద నడిపి జనం చేత వాడించినా అదే బాధ్యత. లైసెన్సే లేని గిట్‌హబ్ రిపో ఉచితం కాదు, ముట్టుకోకు. నువ్వు తెచ్చుకున్న లైబ్రరీలు పదే అయినా వాటి వెనక వందలు వస్తాయి; పైథాన్‌లో పిప్-లైసెన్సెస్, నోడ్‌లో లైసెన్స్-చెకర్ అనే పనిముట్లు నడిపి ఆ లైసెన్సుల జాబితాను డెలివరీతో పంపు.

మొదటి ఒప్పందం రాగానే సంతకం పెట్టకుండా నాకు పంపు. అర్ధరాత్రయినా చదివాకే పడుకుంటాను.

నీ పెద్దమ్మ