మైలోమా, పైగా కిడ్నీ సమస్య: పెట్ సీటీ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మీ నాన్నగారికి మల్టిపుల్ మైలోమా (ఎముక మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్), కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 4.2, డాక్టర్ పెట్ సీటీ స్కాన్ రాశారు. దానివల్ల కిడ్నీలు ఇంకా పాడవుతాయా, అది చూసి ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పగలరా అని అడిగారు. మూడేళ్ల క్రితం మా అమ్మది అచ్చం ఇదే పరిస్థితి.

కిడ్నీకి ఇబ్బంది అయోడిన్ కాంట్రాస్ట్‌తో, అంటే స్కాన్‌లో స్పష్టంగా కనబడటానికి ఎక్కించే మందుతో. మైలోమాకి చేసే పెట్ సీటీలో మామూలుగా అది అవసరం ఉండదు. ఎక్కించేది రేడియోధార్మిక ఫ్లోరిన్ కలిపిన గ్లూకోజు, అదీ చాలా కొద్దిగా. జబ్బు కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని స్కాన్‌లో వెలుగుతాయి. అయినా అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే క్రియాటినిన్ ఎంతో చెప్పి, కాంట్రాస్ట్ ఇస్తారా అని అడగండి.

షుగరు మాత్రం చూసుకోండి. అమ్మకి అప్పటికే డెక్సామెథాసోన్ మొదలుపెట్టారు, అది షుగరు పెంచే స్టెరాయిడ్. స్కాన్ రోజు పొద్దున షుగరు 240. రక్తంలో చక్కెర ఎక్కువుంటే ఎక్కించిన గ్లూకోజు కణాల్లోకి సరిగ్గా వెళ్లదు, 200 లోపు ఉండాలని వెనక్కి పంపారు. వీల్‌చైర్‌లో, ఖాళీ కడుపుతో, నడుం పట్టుకుని "మళ్లీ రావాలా నాన్నా" అంది. ఇప్పటికీ ఆ మాట చెవిలోనే ఉంది.

ఇక రెండో ప్రశ్న. మైలోమా ఏ స్టేజిలో ఉందో చెప్పే ఐఎస్‌ఎస్ లెక్కలో, రక్తంలోని బీటా2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ 5.5 చేరితే మూడో స్టేజి, అంటే చివరిది. కానీ ఆ ప్రోటీన్ బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే. అవి దెబ్బతింటే జబ్బు అంత లేకపోయినా ఆ అంకె పెరుగుతుంది. ఇది తెలియక, రిపోర్టులో "మూడు" చూసి మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. స్కాన్‌కి ఆ చిక్కు లేదు, జబ్బు ఎక్కడెక్కడ ఉందో నేరుగా చూపిస్తుంది. మూడుకి మించి వెలిగే మచ్చలు, 4.2 దాటిన ఎస్‌యూవీ (మచ్చ ఎంత గ్లూకోజు పీల్చుకుందో చెప్పే అంకె), ముఖ్యంగా ఎముకల బయటికి పాకిన జబ్బు ఉంటే కాస్త గట్టి పోరాటమేనని అధ్యయనాల్లో తేలింది. కొద్దిమందికి జబ్బున్నా వెలగదు, అందుకే మూలుగ పరీక్ష, రక్తపరీక్షలతో కలిపే చూస్తారు.

అమ్మకి వెన్నులో, పక్కటెముకల్లో కలిపి ఐదు మచ్చలున్నాయి. నా మట్టుకు మొదటి స్కాన్ కన్నా చికిత్స తర్వాత చేసే రెండోదే ఎక్కువ చెబుతుంది. మచ్చల వెలుగు కాలేయం వెలుగు కన్నా కిందికి దిగిందా అని చూస్తారు. అమ్మవి దిగాయి. ఆ రోజే మేం కడుపునిండా తిన్నాం. వీలైతే రెండూ ఒకే సెంటర్‌లో చేయించండి, మొదటి సీడీ దాచండి.

కిడ్నీలు కోలుకుంటాయా లేదా అన్నది మాత్రం ఈ స్కాన్‌లో దొరకదు. దానికి సీరం ఫ్రీ లైట్ చైన్ పరీక్ష చూడాలి. లైట్ చైన్లంటే మైలోమా కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్ ముక్కలు. కిడ్నీ గొట్టాల్లో అడ్డుపడేవి అవే, అవి ఎంత తొందరగా తగ్గితే అంత ఆశ. మైలోమా మందు బోర్టెజోమిబ్ ఇంజెక్షన్‌కి కిడ్నీ కోసం మోతాదు తగ్గించక్కర్లేదు కాబట్టి అమ్మకి వెంటనే మొదలుపెట్టారు. ఏడు డయాలసిస్‌ల తర్వాత ఇక అవసరం పడలేదు.

ఇంకొకటి, నడుం నొప్పికి మీ నాన్నగారు డైక్లోఫెనాక్‌లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటున్నారేమో, అవి కిడ్నీలకి చెడు, ఇవాళే డాక్టర్‌కి చెప్పి మాన్పించండి. అమ్మ మెడికల్ షాపులో కొని మూడు నెలలు వేసుకుంది, మాకెవరికీ తెలియదు.