పాత విమానాన్ని రాత్రి ప్రయాణానికి సిద్ధం చేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. నీకంటే వయసులో పెద్దదైన విమానం కొన్నావంటే సంతోషమే. అలాంటి విమానాల్లో ఇంజనునూ రెక్కలనూ ఏటా ఎవరో ఒకరు పరీక్షిస్తూనే ఉంటారు. తొడుగు కింద దాగిన వైర్ల జోలికి మాత్రం ఎవరూ పోరు. నువ్వేమో ఏ ఎల్‌ఈడీ దీపం కొనాలి, ఏ కంపెనీది మేలు అని రెండు పేజీలు నింపావు. దీపాలు కొనడం ఆఖరి పని. కరెంటు ఎంత పుడుతోంది, దీపం దాకా ఎంత చేరుతోంది, ఆగిపోతే నీ చేతిలో ఏం మిగులుతుంది అన్నవి ముందు తేలాలి.

అన్నిటికన్నా ముందు విమానం పత్రాలు తీసి చదువు. కొన్ని పాత రకాలకు పగటిపూట మాత్రమే ఎగరాలన్న షరతు ఉంటుంది. అది తేలకుండా ఒక్క స్క్రూ కూడా విప్పకు. ఏ మార్పు చేసినా ఆమోదం ఉన్న భాగాలతో, లైసెన్సున్న ఇంజనీరు సంతకంతోనే చెయ్యాలి.

ఇక కరెంటు సంగతి. ఇంజను తిప్పితే కరెంటు పుట్టించేది నీ విమానంలో ఆల్టర్నేటరా, పాత జనరేటరా? జనరేటరైతే దాని గుణం తెలుసుకో. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అది దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రి రన్‌వే వైపు మెల్లగా నడుపుతూ ల్యాండింగ్ లైటు వేసి, బ్యాటరీలోకి కరెంటు వస్తోందో పోతోందో చూపే అమ్మీటర్ చూడు, ముల్లు సున్నాకు ఎడమకు వాలిపోతుంది. అంటే బ్యాటరీని తినేస్తున్నావన్నమాట. ఒక కాగితం తీసుకుని లెక్క వెయ్యి. 12 వోల్టుల విమానంలో 100 వాట్ల ల్యాండింగ్ బల్బు సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది. రెక్కల చివర రెండు, తోక మీద ఒకటి, పాత బల్బులైతే మూడూ కలిపి మరో 6. పైన తిరిగే ఎర్రదీపం, రేడియో, విమానాన్ని రాడార్‌కు గుర్తుపట్టించే ట్రాన్స్‌పాండర్ కూడా కలుపుకో. జనరేటర్ సామర్థ్యం 20 ఆంపియర్లయితే లెక్క అక్కడే తప్పుతుంది. నిరంతరం వాడే భారం సామర్థ్యంలో 80 శాతం దాటకూడదని మరమ్మతు చేసేవాళ్లు పెట్టుకున్న లెక్క ఉంది, దాన్ని గట్టిగా పట్టుకో. ఎల్‌ఈడీలు మేలు చేసేది ఇక్కడే, వెలుగు కన్నా కరెంటు పొదుపులో.

బ్యాటరీని వోల్టులు చూసి నమ్మకు. ముసలి బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 12న్నర వోల్టులు చూపిస్తుంది. భారం పెట్టి సామర్థ్య పరీక్ష చేయించు. జనరేటర్ ఆగినా కనీసం అరగంట అవసరమైన దీపాలనూ రేడియోనూ అది మొయ్యాలి. వోల్టేజీ పడిపోగానే వెలిగే చిన్న హెచ్చరిక దీపం ఒకటి పెట్టించుకుంటే ఇంకా మంచిది. చీకట్లో అమ్మీటర్ ముల్లు కదలడం ఎవరి కంటా పడదు.

వైర్ల దగ్గర కాస్త ఓపిక పట్టు. లోహపు విమానంలో దీపం నుంచి తిరుగు కరెంటు శరీరం గుండానే బ్యాటరీకి చేరుతుంది. రెక్క చివర బోల్టు కింద తెల్లటి బూజులా తుప్పు పట్టి ఉంటే దీపం మసకబారుతుంది, జనం బల్బు మారుస్తారు. దీపం వెలిగించి, దాని ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య వోల్ట్‌మీటర్ పెట్టు. అర వోల్టు చూపించినా ఆ చోటు విప్పి లోహం మెరిసేదాకా శుభ్రం చేసి మళ్లీ బిగించాలి. చెక్క విమానమైతే తిరుగు దారికి వేరే వైరే కావాలి. పాత వైరును వంచి చూస్తే పైపొర పెళుసుగా విరిగిందా, ఇక దానికి అతుకులు వెయ్యకు, మొత్తం మార్పించు.

దీపాలు అమర్చాక రెండు పరీక్షలున్నాయి. ఇంజను ఆపి, రేడియోలో గరగరను అణిచిపెట్టే స్క్వెల్చ్ తీసేసి ఒక్కో దీపం వెయ్యి. గరగర పెరిగితే ఆ ఎల్‌ఈడీ రేడియోను పాడుచేస్తోంది. అలాగే ఒక్కో స్విచ్ వేస్తూ దిక్సూచి చూడు. ముల్లు కదిలితే దాని పక్కగా వెళ్లే వైరును జరపాలి, లేదా రానూపోనూ వైర్లను మెలిపెట్టించాలి. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, తోక తెలుపు అన్నది నీకు చెప్పాల్సిన పని లేదు.

కాక్‌పిట్‌లో అందరూ ఎర్రదీపమే కావాలంటారు. నాకు ఆ మోజు లేదు. ఎర్రదీపం కింద మ్యాపు మీద ఎర్ర గీతలు మాయమవుతాయి, వేగం చూపే మీటరు మీద ప్రమాద గీత కూడా అంతే. బాగా తగ్గించుకోగలిగిన తెల్ల వెలుగు చాలు. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి అరగంట పడుతుంది, చెడటానికి ఒక్క క్షణం. ఒక రాత్రి విమానాన్ని బయట నిలిపి, లోపల కూర్చుని ఏ వెలుగు అద్దంలో ప్రతిబింబిస్తోందో చూసుకో. ముందు అద్దం మీద పగలు కనిపించని సన్న గీతలు రాత్రి రన్‌వే దీపాలను నక్షత్రాల్లా చీలుస్తాయి. పాలిష్ చేయించు, తగ్గకపోతే అద్దమే మార్పించు.

ఇంకొక మాట. చాలా పాత మీటర్ల అంకెలు చీకట్లో మెరిసేందుకు రేడియోధార్మికత ఉన్న రేడియం రంగు పూసేవారు. మెరుపు పోయినా రేడియం పోదు, అది సగానికి తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది. ఆ మీటర్లను నువ్వు విప్పవద్దు, గీకవద్దు. తెలిసినవాళ్లకు అప్పగించు.

హీటరు గొట్టంలో పగుళ్లున్నాయేమో చూపించి, ఇంజను పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే పరికరం ఒకటి పెట్టు. ఆ వాయువు కొద్దిగా లోపలికి చేరినా రాత్రి చూపు మందగిస్తుంది. టార్చిలు రెండు ఉండాలి, ఒకటి తలకు కట్టుకునేది. అదనపు ఫ్యూజులు కూర్చున్న చోటి నుంచే చేతికి అందాలి. కళ్లు మూసుకుని ప్రతి స్విచ్‌నూ తడిమి పేరు చెప్పగలిగేదాకా సాధన చెయ్యి.

ముందు ఆ ఆంపియర్ల కాగితం పూర్తిచేసి నాకు పంపు. జనరేటర్ మార్చాలా, ఎల్‌ఈడీలతో సరిపోతుందా అన్నది దాన్ని చూశాక చెబుతాను. అప్పటిదాకా దీపాలకు డబ్బు కట్టకు.

ఆశీస్సులతో,
మామయ్య