ఆ టేపు 2002కి ముందుదే

మీ పాత వీడియో టేపు మీద తేదీ లేదు, అందులో అమెరికా టీవీ నెట్‌వర్క్ ఎన్‌బీసీ కార్యక్రమం ఛానల్ 4లో వస్తోంది, బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో) ఎన్‌బీసీ అంటే ఛానల్ 11 కదా అని అడిగారు. రెండూ నిజమేనండి. 1949లో మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కో స్టేషన్ క్రాన్ 4, 2001 చివరి దాకా ఎన్‌బీసీ కార్యక్రమాలే ప్రసారం చేసింది. 1999లో దాని యజమాని క్రానికల్ సంస్థ దాన్ని అమ్మకానికి పెడితే ఎన్‌బీసీ కూడా పోటీపడింది, కానీ యంగ్ బ్రాడ్‌కాస్టింగ్ అనే సంస్థ ఎగరేసుకుపోయింది. ఆ కడుపుమంటో, వ్యాపారమో గానీ, 'స్టేషన్‌కి మా పేరు పెట్టుకోండి, మా కార్యక్రమాలకి మాకే ఎదురు డబ్బూ కట్టండి' అని ఎన్‌బీసీ మెలిక పెట్టింది. యంగ్ ససేమిరా అంది. దాంతో ఎన్‌బీసీ అదే ప్రాంతంలోని శాన్‌హోసే స్టేషన్ కేఎన్‌టీవీ 11కి మారి, 2002లో ఏకంగా దాన్నే కొనేసింది. క్రాన్ తర్వాత మైనెట్‌వర్క్‌టీవీ అనే నెట్‌వర్క్‌కి, 2023లో సీడబ్ల్యూ అనే మరో నెట్‌వర్క్‌కి వెళ్లింది. దాని యజమాని ఇప్పుడు నెక్స్‌స్టార్ సంస్థ. లేబుల్ మీద '2001 లేదా అంతకు ముందు' అని రాసేయండి.