మెదడు గదిలో గడ్డ: పాత కిడ్నీ ఫైలు బయటికి తీయండి

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. తొమ్మిదేళ్ల కిందట క్యాన్సర్ వచ్చి కుడి కిడ్నీ తీసేశారు. తర్వాత బాగానే ఉన్నారు. ఈమధ్య పొద్దున లేవగానే తలనొప్పి, వికారం, నడకలో తూలు. ఎమ్మారైలో ఎడమ వెంట్రికల్ లోపల రెండున్నర సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, మెనింజియోమా (మెదడు పైపొరల నుంచి పుట్టే, ఎక్కువగా క్యాన్సర్ కాని గడ్డ) కావచ్చనీ రాశారు. ఇంకో డాక్టరుగారు కిడ్నీ నుంచి పాకిందేమో చూడాలంటున్నారు. ఇన్నేళ్లకి వస్తుందా? అక్కడికే ఎందుకు పోతుంది?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: రావచ్చమ్మా. కిడ్నీ క్యాన్సర్‌కి ఆ గుణం ఉంది. ఆపరేషన్ అయి పదేళ్లు దాటాక మళ్లీ బయటపడినవాళ్లూ ఉన్నారు.

మెదడు లోపల నీరుండే గదులే వెంట్రికల్స్. వాటిలో కోరాయిడ్ ప్లెక్సస్ అని సన్నటి రక్తనాళాల కుచ్చు ఒకటి ఉంటుంది. రోజుకి సుమారు అర లీటరు నీరు ఊరేది ఎక్కువగా దాన్నుంచే. రక్తం అంత ధారాళంగా పారే చోటు కాబట్టి, రక్తంలో కొట్టుకొచ్చిన క్యాన్సర్ కణం అక్కడ నిలదొక్కుకోగలదు. నిజానికి మెదడుకి పాకే క్యాన్సర్లలో గది లోపలికి చేరేవి చాలా తక్కువ. చేరినవాటిలో మాత్రం కిడ్నీది ముందు వరుసలో ఉంటుంది. ఊపిరితిత్తి, రొమ్ము, మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) కూడా ఉన్నాయి.

మెనింజియోమా అని రాసినవారిని తప్పుపట్టకండి. పెద్దవాళ్లలో అదీ ఆ గదిలోనే, ఎక్కువగా వెనక భాగంలో వస్తుంది. కాంట్రాస్ట్ (స్కాన్‌లో గడ్డ స్పష్టంగా కనబడేందుకు నరంలోకి ఎక్కించే మందు) ఇస్తే రెండూ ఒకేలా మెరుస్తాయి. నేను స్కాన్లు చదివే డాక్టర్ని. నా దగ్గరికొచ్చే చీటీల మీద చాలాసార్లు ‘తలనొప్పి’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది. కిడ్నీ తీసేసిన సంగతి ఎవరూ రాయరు, అడిగితే ‘అది ఎప్పటిదో కదండీ’ అంటారు. ఆ ఒక్క మాట తెలిస్తే నా రిపోర్టులో అనుమానాల వరుసే మారిపోతుంది. కాబట్టి మీ పాత డిశ్చార్జి సమ్మరీ పట్టుకెళ్లి, ఆ ఎమ్మారైని మరోసారి చదవమని అడగండి. గడ్డలో రక్తం చిమ్మిన జాడలు, చుట్టూ మెదడులో వాపు ఉంటే నాకు కిడ్నీ మీద అనుమానం పెరుగుతుంది. మరో సంగతి: ఆయనకి ఇదివరకు ఎప్పుడైనా, కిందపడ్డప్పుడో మరెప్పుడో, తలకి స్కాన్ తీశారా? అందులోనూ ఇదే గడ్డ ఇదే సైజులో ఉంటే నేను మెనింజియోమా వైపే మొగ్గుతాను.

తర్వాత ఛాతీ, పొట్ట సీటీ. ఉన్నది ఒక్క కిడ్నీ కదా, కాంట్రాస్ట్ ఎక్కించేముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడమని చెప్పండి. పెట్ స్కాన్‌లో చక్కెర లాంటి మందు ఎక్కించి, దాన్ని ఎక్కువగా పీల్చుకున్న చోట్లు వెలుగుతాయేమో చూస్తారు. ఆ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు: మెదడు మామూలుగానే చక్కెరను బాగా పీల్చుకుంటుంది కాబట్టి అక్కడి గడ్డ విడిగా కనబడకపోవచ్చు, కిడ్నీ క్యాన్సర్ కూడా ఒక్కోసారి అందులో వెలగదు. వెన్నులో నీరు తీసి పరీక్షిస్తామని ఎవరైనా అంటే, గదులు ఉబ్బి ఉన్నాయేమో న్యూరోసర్జన్ చూశాకే ఒప్పుకోండి. నీరు ఆగిపోయి ఒత్తిడి పెరిగి ఉంటే అది ప్రమాదం. పైగా గడ్డ ఒక్కచోటే ఉన్నప్పుడు ఆ నీటిలో కణాలు దొరకకపోవచ్చు.

ఖాయంగా తేల్చేది ముక్క పరీక్షే (బయాప్సీ). ఊపిరితిత్తిలోనో మరోచోటో గడ్డ కనబడితే ముందు అక్కడి నుంచి తీయడం సులువు. లేకపోతే తల నుంచే తీయాలి. కిడ్నీ నుంచి వచ్చిన గడ్డలకి రక్తస్రావం ఎక్కువ. అందుకే కొందరు సర్జన్లు చిన్న ముక్క కోసం గుచ్చకుండా, వీలైతే గడ్డ మొత్తం తీసేస్తారు. ముక్కని పాక్స్-8 లాంటి రంగు పరీక్షలతో చూస్తే అది కిడ్నీదో మెనింజియోమానో చాలావరకు తేలుతుంది. పాత ఆపరేషన్ నాటి మైనపు బ్లాకులు (అప్పుడు తీసిన కిడ్నీ ముక్కల్ని మైనంలో దాచినవి) దొరికితే పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. అప్పటి ఆస్పత్రి పాథాలజీ విభాగంలో ఈ వారమే అడగండి, ఎల్లకాలం దాచరు.

ఈలోగా నాన్నగారు మత్తుగా పడి ఉంటున్నా, వాంతులు ఎక్కువైనా, చూపు మసకబారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఆ రాత్రే న్యూరోసర్జన్ ఉన్న ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.