పక్షవాతం వచ్చిన నాన్నగారి కోసం కారులో ఏ మార్పులు చేయించాలి?

మీ నాన్నగారికి పక్షవాతం వచ్చిందని, కారులో బయటికి తిరిగే సీటు పెట్టించాలా అని అడిగారు. మా అమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినప్పటి నుంచి ఆమెను కారులో తిప్పేది నేనే. సీటు కన్నా ముందు తేల్చుకోవలసింది, ఆయనకు ఏ వైపు బలం ఉందో.

మనిషి వీల్‌చైర్ నుంచి లేచి, కారుకు వీపు పెట్టి సీటు అంచున కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోవాలి. అలా బయటికి చూస్తూ కూర్చుంటే, ముందు ఎడమ తలుపు దగ్గర డాష్‌బోర్డు కుడి చేతి వైపు వస్తుంది. కుడి చెయ్యి బాగున్నవారు అటువైపు ఆసరా పట్టుకుని తేలిగ్గా తిరుగుతారు. మా అమ్మకు పనిచేయనిది ఆ చెయ్యే. అందుకే ఫిజియోథెరపిస్టును అడిగి వెనుక కుడి తలుపుకు మారాం. అక్కడ డ్రైవరు సీటు వీపు ఆమె ఎడమ చేతికి అందుతుంది. తలదిండు కడ్డీలకు గట్టి పిడి కట్టాం. కాళ్లు తిరగడానికి చోటు కావాలి కాబట్టి ఆమె ఎక్కేటప్పుడు ఆ సీటును పూర్తిగా ముందుకు జరుపుతాను. కుడి తలుపు వాహనాలు వెళ్లే వైపు తెరుచుకుంటుంది, కాబట్టి రోడ్డు మీద ఎప్పుడూ దింపను. ఇంటి ఆవరణలోనో, ఆస్పత్రి పోర్టికోలోనో మాత్రమే.

తర్వాతిది ఎత్తు. కారు సీటు, వీల్‌చైర్ సీటు దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. టేపుతో కొలవండి, వీల్‌చైర్ మీద దిండు వాడుతుంటే దాన్నీ కలిపి. మరీ కిందికి ఉంటే లేవడం కష్టం, పెద్ద ఎస్‌యూవీ అయితే ఎక్కించడమే కష్టం.

గుడ్డ సీటు మీద శరీరం జరగదు, రెగ్జిన్ ఎండకు కాలిపోతుంది. స్పర్శ తగ్గినవారికి ఆ వేడి తెలియదు, బెల్టు బకిల్ కూడా చర్మాన్ని కాలుస్తుంది. ఎండలో నిలిపిన కారైతే ముందు మీ చెయ్యి ఆనించి చూడండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంటే దాన్ని మూసే కవరు వద్దు.

ఇక తిరిగే సీటు. వ్యాగన్‌ఆర్‌కు మారుతీ సంస్థే దాన్ని అందిస్తోంది. కాళ్లు తిప్పుకోలేనివారికి అది నిజంగా మేలు. కానీ వీల్‌చైర్ నుంచి ఆ సీటులోకి చేర్చే పని మాత్రం అలాగే ఉంటుంది. డబ్బు కట్టకముందే షోరూముకు నాన్నగారినీ, ఆయన వీల్‌చైర్‌నూ తీసుకెళ్లి, ఎక్కించి, దింపి చూడండి.